చేమాకు మీద నీళ్లు పోసి చూడండి: ఆకుల మైనప్పూతను ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

"తామరాకు మీద నీటిబొట్టులా" అని మాటవరసకు రోజూ అనేస్తాం గానీ, ఆ బొట్టును పక్కనుంచి, కంటి ఎత్తులో పెట్టుకుని చూసినవాళ్లు తక్కువ. నేనూ చూడలేదు, మా అమ్మాయికి బళ్లో సైన్సు ప్రాజెక్టు ఇచ్చేదాకా. ఆకు మీద మైనం ఉంటుంది, అది నీటిని అంటనివ్వదు, అంతే కదా, పది నిమిషాల పని అనుకుని కూర్చున్నాను. మొదటి రోజంతా వృథా అయింది. బజారు నుంచి తెచ్చిన క్యాబేజీ పై ఆకుల్ని, శుభ్రంగా ఉండాలి కదా అని పంపు కింద రుద్ది రుద్ది కడిగి, తువ్వాలుతో తుడిచి మరీ బల్ల మీద పేర్చాను. నీటిబొట్టు వేస్తే పలచగా పరుచుకుని అక్కడే కూర్చుంది. "క్యాబేజీకి మైనం లేదు" అని మా అమ్మాయి నోట్సులో రాసేసుకుంది కూడా. మైనం ఉండేది, నేనే తుడిచేశాను.

కాబట్టి అన్నిటికంటే ముందు చెప్పే మాట: ఆకుల్ని కడగొద్దు, తుడవొద్దు, మధ్యలో వేలు పెట్టొద్దు. తొడిమ పట్టుకుని మాత్రమే తీసుకెళ్లండి.

ఏ ఆకులు ఏరుకోవాలి

రెండు రకాలు కావాలి, నీళ్లు అంటనివి, అంటేవి. అంటనివాటిలో రాజు తామరాకు, దగ్గర్లో చెరువుంటే సరే. లేకపోతే చేమాకు దానికి ఏమాత్రం తీసిపోదు, కుండీలో కూడా పెరుగుతుంది, పెరట్లో నీళ్లు పారే చోట దానంతటదే మొలుస్తుంది. (కోసేటప్పుడు రసం చేతికి అంటితే దురద పెడుతుంది, పిల్లలకు ముందే చెప్పండి.) ఉల్లికాడలు, పొలం నుంచి నేరుగా వచ్చిన క్యాబేజీ, వరి ఆకు, అరటాకు కూడా పనికొస్తాయి. రెండో రకానికి మందార, టమాటా, చిక్కుడు, గోరింటాకు, ఏది దొరికితే అది. మధ్యస్థంగా ఉండేవి మామిడాకు, తమలపాకు, మనీప్లాంటు. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉండి చేమాకు ఎక్కడ తేవాలి అంటారా, కేల్, బ్రకోలి ఆకులు అచ్చం క్యాబేజీలాగే పనిచేస్తాయి, అన్నీ ఒకే జాతి మొక్కలు.

ఏరేటప్పుడు ఒక సంగతి గమనించండి. మైనం అనగానే మనకు మెరుపు గుర్తొస్తుంది, అందుకని చాలామంది మనీప్లాంటు, రబ్బరు మొక్కలాంటి తళతళలాడే ఆకులు తెచ్చుకుంటారు. వాటి మీద బొట్టు జారదు, ఎత్తుగా కూర్చుంటుంది, అంతే. నీటిని నిజంగా తరిమేసేవి మెరిసే ఆకులు కావు, బూడిద రాసినట్టు, కాస్త వెలిసిపోయినట్టు, మసకగా కనబడేవి. క్యాబేజీ మీదా, ఉల్లికాడ మీదా, ఆముదం కాడ మీదా, నల్లద్రాక్ష మీదా కనిపించే తెల్లటి పొడి అదే. ద్రాక్ష మీది పొడిని పురుగుమందు అనుకుని భయపడేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. మందు అవశేషాలు కంటికి కనబడకుండా కూడా ఉండొచ్చు, కాబట్టి పండ్లు కడుక్కోవాల్సిందే, కానీ కాయంతా సమంగా పరుచుకున్న ఆ పొగమంచులాంటి పొర మాత్రం ద్రాక్ష తానుగా పెట్టుకున్న మైనం.

సామాన్లు

పెద్దగా ఏమీ లేదు. మందు సీసాతో వచ్చే డ్రాపర్ ఒకటి, లేదా సూది తీసేసిన సిరంజి. పరీక్ష అట్ట ఒకటి, సెల్‌ఫోను, టార్చి, గుండుసూదులు, వెడల్పాటి బేసిన్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, కాస్త సుద్దపొడి. వంటింటి డిజిటల్ కాటా ఉంటే ఒక పరీక్ష అదనంగా చేయొచ్చు. రంగు నీళ్లు వాడితే ఫొటో బాగుంటుంది అని సిరా కలుపుతారు కొందరు, వద్దు. సిరాలో ఉండే పదార్థాలు నీటి తలతన్యతను, అంటే నీరు పరుచుకోకుండా బొట్టుగా ముడుచుకునే గుణాన్ని, మార్చేస్తాయి, అప్పుడు మీరు చూస్తున్నది నీటి సంగతి కాదు, సిరా సంగతి అవుతుంది.

మొదటి పరీక్ష: బొట్టు ఆకారం

ఆకును అట్ట మీద పరిచి అంచుల్ని గుండుసూదులతో బిగించండి. అట్టను బల్ల అంచున పెట్టి, మీ కళ్లు ఆకుతో సమానమైన ఎత్తులోకి వచ్చేలా కింద కూర్చోండి. డ్రాపర్‌ను ఆకుకు బాగా దగ్గరగా తెచ్చి, పైనుంచి పడేయకుండా, మెల్లగా ఒక్క చుక్క దించండి. ఎత్తునుంచి పడితే బొట్టు చిట్లి అబద్ధం చెబుతుంది.

చేమాకు మీద అయితే అసలు దించడమే కష్టం. చుక్క డ్రాపర్ మొనను వదిలిపెట్టదు, ఆకు తనను పట్టుకోదు కాబట్టి. మొనకే అంటుకుని ఊగుతూ ఉంటుంది, చేయి కాస్త కదిలిస్తే అప్పుడు ఊడి, పాదరసం పూసలా గుండ్రంగా నిలబడుతుంది, మీరు ఊపిరి వదిలితే చాలు దొర్లి ఈనె పక్కన పల్లంలోకి పోతుంది. వెనకనుంచి టార్చి వేస్తే బొట్టు లోపల ఆకు ఈనెలు తలకిందులుగా కనిపిస్తాయి. ఇది చూశాక మా అమ్మాయి ప్రాజెక్టు పక్కన పెట్టేసి అరగంట ఆడుకుంది, నేను కూడా ఏమనలేదు.

ఇప్పుడు ఫోను కెమెరాను ఆకు ఎత్తులోనే పెట్టి పక్కనుంచి ఫొటో తీయండి. ఫొటోలో ఆకు ఉన్న గీత ఒకటి, బొట్టు ఆకును తాకే చోట దాని అంచు వెంట ఒక గీత గీసి, ఈ రెండిటి మధ్య, బొట్టు లోపలివైపు కోణం కొలవండి. స్పర్శకోణం అంటే ఇదే. 90 డిగ్రీల కంటే తక్కువైతే ఆకు నీటికి లొంగినట్టు, ఎక్కువైతే లొంగనట్టు. 150 దాటితే దాన్ని అతి నీటి వికర్షణ కింద లెక్క వేస్తారు. తామరాకు సుమారు 160 డిగ్రీలు వస్తుంది. ఇంటి ఫొటోతో అంత కచ్చితంగా రాదు, ఐదారు డిగ్రీలు అటూఇటూ అవుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కో ఆకు మీద వేర్వేరు చోట్ల ఐదు బొట్లు వేసి సగటు తీసుకుంటే చాలు.

రెండో పరీక్ష: ఎంత వంచితే జారుతుంది

నా దృష్టిలో మొదటిదానికంటే ఇదే ముఖ్యం. బొట్టు గుండ్రంగా ఉన్నంత మాత్రాన దొర్లిపోతుందని నమ్మకం లేదు. ఒక ఎర్ర గులాబీ రేకు తెచ్చి చిన్న చుక్క వేయండి, ముత్యంలా నిలబడుతుంది, సరే, ఇప్పుడు రేకును తలకిందులు చేయండి. పడదు, అంటుకుని వేలాడుతుంది.

అట్ట మీద ఫోను కూడా పెట్టి, అందులో వాలు చూపించే యాప్ తెరిచి, అట్ట ఒక అంచును మెల్లగా ఎత్తుతూ పోండి. బొట్టు కదిలిన క్షణంలో అంకె రాసుకోండి. (ఫోను జారకుండా రబ్బరు బ్యాండు వేయండి. ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది.) చేమాకు, తామరాకు కొద్ది డిగ్రీలకే వదిలేస్తాయి. మందారాకు నిలువుగా నిలబెట్టినా బొట్టు సాగుతుంది గానీ దిగదు.

వరి ఆకు దొరికితే దాన్ని తప్పకుండా రెండు విధాలుగా పెట్టండి, ఒకసారి పొడుగు దిక్కుగా వంచి, ఇంకోసారి అడ్డంగా. పొడుగు దిక్కున బొట్టు తేలిగ్గా పరుగెడుతుంది, అడ్డంగా అయితే మొరాయిస్తుంది, ఎక్కువ వాలు కావాలి. ఆకు మీద ఉండే సన్నటి నిలువు గట్లు కాలువల్లా పనిచేస్తాయి.

అసలు లోపల ఏం జరుగుతోంది

ప్రతి ఆకుకూ పైన ఒక పలచటి తొడుగు ఉంటుంది, కొవ్వులాంటి పదార్థంతో అల్లుకున్నది, అందులోనూ దాని పైనా మైనం. దాని అసలు ఉద్యోగం వాననీళ్లను తరమడం కాదు, లోపలి నీళ్లను బయటికి పోకుండా ఆపడం. కొన్ని మొక్కల్లో ఈ మైనం నున్నగా పూసినట్టు ఉండకుండా సన్నటి పొలుకులుగా, గొట్టాలుగా, పుల్లలుగా పైకి లేచి ఉంటుంది. తామరాకులో అయితే ముందు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన బొడిపెలు, వాటి మీద ఇంకా ఎన్నో రెట్లు చిన్నవైన మైనపు గొట్టాలు. బొట్టు ఆ మొనల మీదే నిలబడుతుంది, మిగిలినదంతా కింద గాలి. ఆకు మీద కూర్చున్నట్టు మనకు కనిపిస్తుంది గానీ బొట్టు ఎక్కువ భాగం గాలి మీదే ఉంది. వెలుతురు ఆ ముక్కల మీద పడి చెదిరిపోవడం వల్లే ఆకు మసకగా, బూడిద పట్టినట్టు కనిపించేది.

జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆకులు చూస్తూ ఒక చిత్రం గమనించాడు. నున్నటి ఆకుల్ని చూసే ముందు దుమ్ము కడుక్కోవాల్సి వస్తోంది, గరుకు మైనం ఉన్న ఆకులు మాత్రం ముందే శుభ్రంగా ఉంటున్నాయి. క్రిస్టోఫ్ నైన్‌హూస్‌తో కలిసి ఆయన 1997లో తామరాకు మీద వ్యాసం ప్రచురించాక దీనికి తామర ప్రభావం అనే పేరు స్థిరపడింది, ఆ సూత్రంతో గోడల రంగులు కూడా వచ్చాయి. బురదలో పుట్టినా తామరకు బురద అంటదని మన పెద్దవాళ్లు చెప్పిందే, ఎందుకు అంటదో ఆయన చూపించాడు.

దీన్ని మీరూ చూడొచ్చు. చేమాకు మీదా మామిడాకు మీదా చిటికెడు సుద్దపొడి చల్లి, వాలుగా పట్టుకుని పైనుంచి చుక్కలు వదలండి. చేమాకు మీద బొట్టు పొడిని ఒంటికి పూసుకుంటూ దొర్లి, వెళ్లిన దారి మేర పచ్చటి గీత మిగులుస్తుంది. మామిడాకు మీద సుద్ద తడిసి బురదవుతుంది, అంతే.

మూడో పరీక్ష: ముంచి చూడటం

బేసిన్ నిండా నీళ్లు పోసి, తాజా చేమాకును చదునుగా నీటిలోకి దించి, పక్కనుంచి ఏటవాలుగా చూడండి. ఆకుపచ్చ ఆకు వెండి రేకు అయిపోతుంది! నీటికీ ఆకుకూ మధ్య చిక్కుకున్న ఆ గాలి పొరే అద్దంలా వెలుతుర్ని తిప్పికొడుతోంది. నేరుగా పైనుంచి చూస్తే మళ్లీ పచ్చగానే ఉంటుంది, తల కాస్త పక్కకు వంచితేనే వెండి. బయటికి తీయండి, పొడిగా వచ్చేస్తుంది.

ఇప్పుడు అదే ఆకును చిన్న గిన్నె ఏదైనా బరువుగా పెట్టి రాత్రంతా నీటిలో వదిలేయండి. తెల్లారేసరికి వెండి మచ్చలు మచ్చలుగా మాయమవుతూ ఉంటుంది, కొన్నిచోట్ల పూర్తిగా పోయి ఉండొచ్చు. ఆ చోట్ల ఆకు తడిగా బయటికి వస్తుంది. ఇక్కడే చాలామంది "నీళ్లలో మైనం కరిగిపోయింది" అని రాసేస్తారు. ఆగండి. మైనం నీటిలో కరగదు, కొవ్వొత్తి కరగనట్టే. పోయింది గాలి, మెల్లగా నీటిలో కలిసిపోయింది. నిజమో కాదో తేల్చడానికి ఆకును తుడవకుండా నీడలో ఆరనిచ్చి మళ్లీ బొట్టు వేయండి. దొర్లితే మైనం పదిలంగా ఉన్నట్టే. ఆకు మరీ నాని మెత్తబడిపోతే ఫలితం తేడాగా వస్తుంది, ఒక్క రాత్రి కంటే ఎక్కువ ఉంచకండి.

నాలుగో పరీక్ష: మైనాన్ని పాడు చేయడం

నాలుగు ఆకులు కాదు, ఒకే క్యాబేజీ ఆకు తీసుకుని నాలుగు భాగాలుగా అనుకోండి, అప్పుడు పోలిక న్యాయంగా ఉంటుంది. ఒక భాగాన్ని ముట్టుకోవద్దు. రెండో భాగాన్ని బొటనవేలితో నాలుగుసార్లు రుద్దండి. రుద్దిన చోట రంగు ముదురు పచ్చగా, మెరుస్తూ కనబడుతుంది, బొట్టు వేస్తే కూర్చుండిపోతుంది. మైనం మొత్తం పోలేదు, నిలబడి ఉన్న పొలుకులు నలిగి చదునయ్యాయి. మెరుపు వచ్చిందంటే పని చెడిందని అర్థం, ఇందాక చెప్పిన మనీప్లాంటు సంగతి ఇదే.

మూడో భాగం మీద పంపు ధారను అడుగు ఎత్తునుంచి పది నిమిషాలు పడనివ్వండి (నీళ్లు కింద బకెట్‌లో పట్టుకుని మొక్కలకు పోసుకోండి). కరిగించలేని నీళ్లు కొట్టి మాత్రం అరగదీయగలవు. జడివానలకు తడిసిన ముదురాకుల మీద బొట్లు లేత ఆకుల మీద నిలిచినంత గుండ్రంగా నిలవకపోవడానికి ఇదొక కారణం, దుమ్ము, రాపిడి, వయసు మిగతావి. నాలుగో భాగం మీద కాఫీ అంత వేడి నీళ్ల చుక్క వేయండి, ఈ పని పెద్దవాళ్లే చేయాలి. చన్నీళ్లు దొర్లిన చోటే వేడి నీళ్లు అంటుకుంటాయి, వేడికి తలతన్యత తగ్గుతుంది, పైగా ఆవిరి ఆ సందుల్లోకి దూరి అక్కడే నీరవుతుంది.

ఇక సబ్బు. పావు గ్లాసు నీటిలో తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, కొత్త ఆకు మీద వేయండి. గోళీలా నిలబడాల్సింది పరుచుకుపోతుంది. ఇది తమాషా కాదు, రైతుకు రోజూ పని. మా బాబాయి ఉల్లి వేసినప్పుడు మందు కొట్టి వెనక్కి తిరిగి చూస్తే కాడల మీదినుంచి మందంతా జారి నేల పాలయ్యేది, ట్యాంకులో జిగురు మందు, అంటే మందును ఆకు మీద పరిచి పట్టి ఉంచేది, కలపమని పక్క పొలం ఆయన చెప్పేదాకా. ఉల్లి, క్యాబేజీలాంటి పైర్లకు స్ప్రేలో జిగురు మందు కలపమనేది ఇందుకే. ఎంత కలపాలన్నది డబ్బా మీద రాసిన లెక్క ప్రకారమే, గిన్నెల సబ్బును అందాజాగా పోస్తే ఆకు మాడిపోతుంది.

ఆముదానిదీ ఇలాంటి సంగతే. కాడ మీద, ఆకుల మీద తెల్లటి పూత అసలు లేని రకాల నుంచి ఆకు రెండు పక్కలా ఉన్న రకాల దాకా ఉంటాయి. పూత దట్టంగా ఉన్నవాటిని పచ్చదోమ అంతగా పట్టదు. పాలమూరు వైపు ఆముదం చేలు ఉన్నవాళ్లు ఒకే చేలో రెండు రకాల మొక్కలు దొరికితే పోల్చి చూడొచ్చు.

ఐదో పరీక్ష: లోపలి నీళ్లు

కాటా ఉన్నవాళ్లకు. ఒకే సైజు గట్టి ద్రాక్షలు రెండు గుత్తులు తీసుకోండి. ఒకదాన్ని అలాగే ఉంచండి. రెండోదాన్ని గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ముంచి, గుడ్డతో ఒక్కో కాయను తెల్లపొడి పోయేదాకా రుద్దండి, తొక్క చిట్లకూడదు. రెండిటినీ తూచి, ఫ్యాను కింద పక్కపక్కన పెట్టి, రోజూ అదే సమయానికి తూచి రాసుకోండి. పూత పోయినది ముందుగా బరువు తగ్గి ముడతలు పడాలి. కిస్మిస్ చేసేవాళ్లు ద్రాక్షల్ని ఎండబెట్టే ముందు పొటాషియం కార్బొనేటు, నూనె కలిపిన నీళ్లలో ముంచేది కూడా మైనం అడ్డు తొలగి తొందరగా ఎండాలనే. మీ తూకంలో తేడా కనబడకపోతే రుద్దడం సరిపోలేదేమో, ప్రయోగం చెడిపోయిందని పారేయకుండా ఆ అంకెలే రాయండి. పిల్లల నోట్సులో దిద్దిన అంకెలు మాస్టార్లకు ఇట్టే తెలిసిపోతాయి.

చివరిది, మొక్క మీదే

కోసిన ఆకు చచ్చిన ఆకు, అది మళ్లీ మైనం పెట్టుకోలేదు. అందుకని కుండీలో ఉన్న క్యాబేజీ నారో, చేమమొక్కో ఎంచుకుని, ఒక లేత ఆకు మీద, ఒక ముదురాకు మీద రూపాయి బిళ్లంత చోట మెల్లగా రుద్దండి. ఎక్కడ రుద్దారో మర్చిపోతారు కాబట్టి తొడిమకు దారం కట్టి, ఆకు బొమ్మ గీసుకుని అందులో గుర్తు పెట్టుకోండి. రెండు రోజులకోసారి, నీళ్లు పోయకముందు, అక్కడ ఒక చుక్క వేసి ఎంత వాలుకు జారిందో రాయండి. ఒకటే హెచ్చరిక, తెల్లవారుజామున చేమాకు కొసన, టమాటా ఆకు అంచుల్లో వేలాడే బొట్లను మంచు అనుకుని లెక్కలోకి తీసుకోకండి, వేళ్లు తాగిన నీళ్లనే మొక్క అంచుల్లోంచి బయటికి తోసిన బొట్లు అవి.

మా కుండీలో లేత ఆకు మీద రుద్దిన మచ్చ వారం తిరిగేసరికి చాలావరకు మసకబారి మళ్లీ బొట్టును దొర్లించింది. ముదురాకు మీద మచ్చ మాత్రం ఆకు పండి రాలేదాకా మెరుస్తూనే ఉంది.